బొడ్డు మీది రాగి బిళ్ళ

మా అమ్మ నడుముకి ఎప్పుడూ ఒక చిన్న గుడ్డ సంచి ఉండేది. అందులో ఒక్క రాగి బిళ్ళ ఉండేది, అంతే. మా కొండల్లో ఆడవాళ్ళు పాత వెండి రూపాయలకి కొక్కేలు అతికించుకుని మెడలో దండలా వేసుకుంటారు. ఈ బిళ్ళకి మాత్రం కొక్కెం లేదు, చిల్లు లేదు. చిల్లు పెట్టడానికి మా అమ్మమ్మ ఒప్పుకోలేదట. ఒక పక్క రాణి, రెండో పక్క బిడ్డని ఎత్తుకున్న తల్లి. ఎక్కడ పొడిచినా ఎవరికో ఒకరికి నొప్పి తగులుతుంది అందట.

అది మా ఇంటికి ఎలా వచ్చిందో నాకు తెలిసినంత చెబుతాను. అమ్మమ్మ పడుచుగా ఉన్న రోజుల్లో ఒక తెల్ల ఫాదరు కొండలెక్కి వచ్చాడు. చలిజ్వరం పట్టి మా వాళ్ళ అరుగు మీదే పడిపోయాడు. అమ్మమ్మ చోళ్ళతో, అంటే రాగులతో, అంబలి కాచి, చెంచాతో కాదు, ఆకు దొన్నెతో తాగించి బతికించింది. లేచి వెళ్తూ ఆయన తన సంచిలోంచి ఈ బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాడు. వాళ్ళ అమ్మ ఇచ్చిందట ఆయనకి. ఏ దేశమో చెప్పాడు గానీ మా వాళ్ళకి ఆ మాట నోరు తిరగలేదు, గుర్తూ ఉండలేదు. బిడ్డనెత్తుకున్న తల్లి మాత్రం గుర్తుండిపోయింది. మేము మరియతల్లి అన్నాం. కొండదేవతని కొలిచే పక్కిళ్ళ వాళ్ళు తమ తల్లి అన్నారు. ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోలేదు.

అమ్మమ్మ మంత్రసాని. తర్వాత అమ్మ. పుట్టిన బిడ్డకి బొడ్డు ఊడి మానాక కొందరికి ఏడ్చినప్పుడల్లా అక్కడ బుడగలా ఉబ్బుతుంది. అలాంటప్పుడు అమ్మకి కబురొచ్చేది. అమ్మ ఆ బిళ్ళని చింతపండూ బూడిదా వేసి తోమి, మరిగే నీళ్ళలో వేసి, తీసి ఆరనిచ్చి, బిడ్డ బొడ్డు మీద పెట్టి పాత చీర ముక్కతో నడుం చుట్టూ కట్టేది. ఎప్పుడూ తల్లి బొమ్మ ఉన్న వైపే చర్మానికి తగలాలి. "తల్లి ఒంటికి, రాణి ఊరికి" అనేది. తోమడం కూడా ఆ తగిలే వైపే. రాణి వైపు పట్టించుకునేది కాదు. అందుకని రాణి నల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉండేది. తల్లి వైపు మాత్రం కొత్త చెంబులా మెరిసేది.

ఉబ్బు తగ్గాక ఆ ఇంటివాళ్ళు బిళ్ళని చాటలో పెట్టి, చుట్టూ నాలుగు గుప్పెళ్ళ చోళ్ళు పోసి తెచ్చి ఇచ్చేవారు. అది కూలి కాదు. బిళ్ళ ఉత్త చాటలో రాకూడదు, అంతే.

దీని మీద మా ఊళ్ళో వేళాకోళాలకి లోటు లేదు. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు గొప్పలు పోతే మా ఆడవాళ్ళు ఊరుకునేవారు కాదు. "మా గుంట బొడ్డు రాణీగారి బిళ్ళతో నొక్కినాది. మీ గుంటడి బొడ్డు ఏ బిళ్ళతో నొక్కినారో సొక్కా ఎత్తి సూపించండి, సూద్దుం!" అనేవారు. పెళ్ళికొడుకు సిగ్గుపడి చొక్కా కిందికి లాక్కునేవాడు.

నాకు చదువు చెప్పింది మా నాన్న. ఆయన ఉపదేశి. ఫాదరు రాలేని ఆదివారాలు ఆయనే ప్రార్థన నడిపించేవాడు. చిన్నప్పుడు నాకు ఎప్పుడూ జ్వరాలే. కొండ దిగి బడికి వెళ్ళే ఓపిక లేకపోయింది. నాన్న చాటలో చోళ్ళు పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఆ కాస్త చదువే ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాయిస్తోంది. ఆయనకీ, ఆ చాటకీ నేను రుణపడి ఉన్నాను. ఒకసారి బిళ్ళ మీద రాణి చుట్టూ ఉన్న గీతల్ని చూపించి, ఇవి ఏం అక్షరాలని అడిగాను. నాన్న తిప్పి తిప్పి చూసి, "నాకు రావమ్మా. రాసినోడికొచ్చు, దేవుడికొచ్చు" అని నవ్వాడు.

రెండో వైపు కూడా చూశాను. నాకు తల్లీ కనపడలేదు, బిడ్డా కనపడలేదు. నున్నటి రాగి, మధ్యలో మబ్బులాంటి చిన్న ఎత్తు. అమ్మని అడిగితే, "కళ్ళతో సూస్తే కనపడదే. బొటనేలెట్టి సూడు" అంది. బొటనవేలు పెట్టాను. ఏమీ తెలియలేదు. అమ్మ మనసులో ఉన్నది బిళ్ళ మీద ఉందనుకుంటోందని లోలోపల అనుకున్నాను.

నా మొదటి బిడ్డ ఆడపిల్ల. అమ్మ చేతుల్లోనే పుట్టింది. బొడ్డు మానింది గానీ ఉబ్బు వచ్చింది. అమ్మ అందరికీ కట్టినట్టే బిళ్ళ కట్టింది. నిజం చెప్పాలంటే అందరికంటే ఎక్కువసేపు తోమింది. వానాకాలం. బిడ్డకి ఒళ్ళు కాలింది. ఆ జ్వరం ఎందుకొచ్చిందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. గెడ్డ, అంటే మా కొండవాగు, పొంగి దారి మూసుకుపోయింది. మావారు, ఇంకో ఇద్దరూ డోలీ కట్టుకుని గెడ్డ ఒడ్డు దాకా వెళ్ళి నీళ్ళు చూసి వెనక్కి వచ్చారు. తెల్లారాక నా ఒడిలోనే పోయింది.

మా వైపు పసిబిడ్డల్ని పెద్దవాళ్ళ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళరు. ఊరి వెనక గట్టు మీద, ఎవరి దేవుడు ఎవరైనా, అందరి పసివాళ్ళకీ ఒకటే చోటు. ఇంకో ఆచారం కూడా ఉంది. పోయిన బిడ్డ ఒంటి మీద ఏది కట్టి ఉంటే అది విప్పకూడదు. మొలతాడైనా, తాయెత్తైనా, పూసైనా దానితోనే మట్టిలోకి వెళ్ళాలి. మాట రాని పిల్ల, నడక రాని పిల్ల. ఉత్త ఒంటితో పంపిస్తే అక్కడ దాన్ని ఎవరూ గుర్తుపట్టరని మా వాళ్ళ నమ్మకం. నాన్న ఉపదేశి అయినా ఈ మాటని ఎప్పుడూ కొట్టిపారేయలేదు. నాకు ఆ పూట ఉన్న ఊరట అదొక్కటే. తల్లి బొమ్మ నా బిడ్డ పొట్ట మీద ఉంది. నేను వెళ్ళలేని చోటికి ఆ తల్లి వెళ్తుంది.

ఆ వారమే పక్కింట్లో కూడా ఆడపిల్లకి ఉబ్బు వచ్చింది. నిమ్మకాయంత. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది దానికి. నా బిడ్డని ఇంకా గట్టుకి తీసుకెళ్ళకముందే ఆ పిల్ల అమ్మమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏడవడానికి వచ్చిందో, అడగడానికి వచ్చిందో ఆమెకే తెలిసి ఉండదు. గుమ్మం పట్టుకుని నిలబడింది, అంతే.

అమ్మ ఆమె వంక చూసింది. తర్వాత నా బిడ్డ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నడుం చుట్టూ కట్టిన గుడ్డ విప్పింది. బిళ్ళ తీసింది. మళ్ళీ ఆ గుడ్డని, లోపల ఏమీ లేకుండా, ముందు ఎలా కట్టిందో అలాగే కట్టింది. ముడి కూడా అదే ముడి. లేచి చింతపండు కోసం ఉట్టి దగ్గరికి వెళ్ళింది.

నేను చాప మీంచి అంతా చూశాను. ఆ పూట ఏమీ అడగలేదు. తర్వాతా అడగలేదు. పక్కింటి పిల్ల బతికింది, ఉబ్బు తగ్గింది. వాళ్ళు చాట నిండా చోళ్ళు పోసి బిళ్ళ తెచ్చి ఇచ్చారు. ఆ చోళ్ళు మా ఇంట్లో ఎవరం తినలేదు. అమ్మ విత్తనాలకి ఉంచింది.

దేవుడు నాకు తర్వాత ఇద్దరు మగపిల్లల్ని ఇచ్చాడు. ఆయనకి వందనాలు. వాళ్ళకి ఉబ్బు వస్తే నేను పాత ఐదు పైసల బిళ్ళ కట్టాను. అమ్మ తన సంచి విప్పబోయి, నా చేతిలో ఉన్నది చూసి, మళ్ళీ మూసుకుంది. మా ఇద్దరి మధ్య ఆ సంగతి మీద జరిగిన మాట అంతే.

పక్కింటి పిల్ల పెరిగి పెద్దదైంది. నన్ను అత్తా అని, అమ్మని మామ్మా అని పిలుస్తుంది. ఇప్పుడు బొర్రా గుహల వైపు వెళ్ళే రోడ్డు మీద బొంగు చికెన్ అమ్ముతుంది. దానిది పెద్ద నోరు. కార్లలో వచ్చేవాళ్ళు ముందు దాని నవ్వు విని ఆగుతారు, తర్వాతే వాసన చూస్తారు. అమ్మ ఎదురైతే చాలు, "మామ్మా, నా బొడ్డు మీద నీ సంతకముంది, నన్ను ఒగ్గేయకు" అనేది. "నీ నోటి మీద కూడా ఓ బిళ్ళ కట్టుంటే బాగుణ్ణు" అనేది అమ్మ. అది పకపకా నవ్వేది. ఆ బిళ్ళ తన దగ్గరికి ఎక్కడి నుంచి వచ్చిందో దానికి ఎవరూ చెప్పలేదు. దాన్ని చూస్తే నాకు కోపం రాలేదు, ఎప్పుడూ రాలేదు. కాకపోతే దానికి ఓణీ వేసిన రోజు, దాని పెళ్ళి రోజు, దానికి బిడ్డ పుట్టిన రోజు నా మనసు పక్కనే ఇంకో పిల్లని నిలబెట్టి పొడవు కొలిచేది.

కాలం మారింది. రోడ్లు పడ్డాయి, ఆసుపత్రి పురుళ్ళు వచ్చాయి. బొడ్డు మీద ఏదీ కట్టకూడదని, చీము పడుతుందని నర్సమ్మలు చెప్పడం మొదలుపెట్టారు. అమ్మ గొడవ పడలేదు. "మంచిదే కదా. పిల్లలు బతకడమే కదా కావాలి" అంది. సంచి మాత్రం నడుముకే ఉండేది. కళ్ళకి పొరలొచ్చాయి, మోకాళ్ళు పట్టేశాయి. అరుగు మీద కూర్చుని బిళ్ళని బొటనవేలితో రుద్దుకుంటూ జపమాల చెప్పుకునేది.

పోయిన ఏడు వలిసె పూలు పూసిన రోజుల్లో మా ముందు గదిలో ఒక పెద్దాయనా, ఆయన భార్యా దిగారు. లోయ చూడడానికి వచ్చేవాళ్ళకి ఆ గది ఇస్తుంటాం. ఆయనది విజయనగరం వైపు, ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పాత నాణేలు పోగుచేయడం ఆయన సరదా. అమ్మ చేతిలోది చూసి, "ఒకసారి చూడొచ్చా అమ్మా?" అని అడిగారు. జేబులోంచి చిన్న భూతద్దం తీసి చాలాసేపు చూశారు.

"ఇది ఇక్కడికెలా వచ్చిందండీ?" అన్నారు నాతో. ఫాదరు సంగతి చెప్పాను.

ఆయన ఓపిగ్గా వివరించారు. ఆస్ట్రియా రాజవంశం ఏలిన హంగరీ దేశంలో, రెండు వందల యాభై ఏళ్ళకి పైగా వెనక, సామాన్యులు ఉప్పుకీ రొట్టెకీ వాడుకున్న చిన్న రాగి నాణెమట. పోల్తురా అంటారట. ఆ రాణి పేరులో కూడా మరియ ఉందట. ఆ మాటకి అమ్మ తల ఎత్తింది.

"రెండో వైపు అరిగిపోయింది. పోగుచేసేవాళ్ళు ఇలాంటిది పక్కన పెట్టేస్తారు. అయ్యో, అసలైన అందం అటే ఉండేది" అన్నారాయన.

"ఏటుండీది బాబూ అటేపు?" అంది అమ్మ. పరీక్ష పెట్టినట్టు అడిగింది.

"చెప్పడమెందుకు, చూపిస్తానుండండి" అని, మా ఇంటి దగ్గర సిగ్నల్ లేక, ఆయన గుడి మెట్ల దాకా నడిచి వెళ్ళి వచ్చారు. ఫోన్లో బొమ్మ పెద్దది చేసి అమ్మ ముందు పెట్టారు. అరగని బిళ్ళ అది. తల్లి నిటారుగా కూర్చుని ఉంది, చుట్టూ వెలుగు కిరణాలు, చేతిలో బిడ్డ. బిడ్డకి ముక్కూ మొహం కూడా ఉన్నాయి.

అమ్మ చెప్పింది నిజం. అమ్మ మనసులో ఉన్నది కాదు, బిళ్ళ మీద ఉన్నదే. ఏళ్ళ తరబడి ఆ వైపే తోమి తోమి, పిల్లల పొట్టలకి ఆనించి ఆనించి, మేమే చెరిపేశాం.

అమ్మ పొరల కళ్ళతో చూడలేక బొటనవేలు ఫోన్ మీద పెట్టి రుద్దింది. బొమ్మ పక్కకి జరిగి తెర అంతా నల్లగా అయింది. "ఓలమ్మ, ఎల్లిపోనాదే!" అని భయపడింది. పెద్దాయన నవ్వి మళ్ళీ తెచ్చారు.

"ఈ రాణిగారికి పదహారుమంది పిల్లలట తల్లీ. అందులో కొందరు పసితనంలోనే పోయారట" అన్నారాయన భార్య, మాట కలపడానికి.

అమ్మ "రాణికి కూడా పోయినారా" అంది. తర్వాత, "పోయినోళ్ళకి ఏటి కట్టి పంపినాదో" అంది.

వాళ్ళకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

వాళ్ళు వెళ్ళాక అమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. "ఒలే, నాకు ఇంక ఆట్టే రోజుల్లేవు. దాని బిళ్ళ దానికి ఇచ్చేయాలి. నేనే తీసినాను. గట్టు మీద దాని కాడ పాతిపెట్టు. ఇంకేటీ అడగను నిన్ను."

అన్నేళ్ళకి ఆ మాట మా మధ్యకి వచ్చింది. కానీ ఒక తుఫాను వానకి ఆ గట్టు జారి గెడ్డలో కలిసిపోయింది. అమ్మకి మోకాళ్ళు పట్టేశాక జరిగింది అది. ఆమెకి చెప్పొద్దని ఇంట్లో అందరం అనుకున్నాం. నేను ఆమె చేయి నిమురుతూ కూర్చున్నాను.

"గట్టు జారిపోనాదని నాకు తెల్దనుకుంటన్నావేటి?" అంది అమ్మ. "ఆ సప్పుడు నేనూ ఇన్నాను. మన్ను పోతే సోటు పోద్దేటి? ఏదో మూల..." అంటూ ఆగిపోయింది. ఆమెకీ తెలుసు, ఏ మూలా లేదని. కళ్ళు ఒత్తుకుని, "మరైతే దానికెలా ఇవ్వను?" అంది, చిన్నపిల్ల అడిగినట్టు.

అప్పుడు నా నోట ఆ మాట ఎలా వచ్చిందో. దేవుడే ఇచ్చాడనుకుంటాను. "నువ్వే పట్టుకెళ్ళు అమ్మా. నీ చేత్తో తీసింది నీ చేత్తోనే కట్టు" అన్నాను.

అమ్మ నా మొహం వంక చాలాసేపు చూసింది. ఎంత కనపడిందో తెలియదు. "నువ్వు నన్ను తిట్టనే నేదు" అంది. "ఒక్కసారైనా తిట్టుంటే బాగుణ్ణే."

నేను ఆమె తల నా భుజానికి ఆనించుకున్నాను. ఏడుపు నాది ముందో ఆమెది ముందో గుర్తులేదు.

కాఫీ పళ్ళ కోత ముగిసే రోజుల్లో అమ్మ పోయింది. తెల్లవారి ప్రార్థన చెప్పుకుంటూ నిద్రలోకి జారినట్టే పోయింది. అంత మెల్లటి చావు ఇచ్చినందుకు వందనాలు. స్నానం చేయించి, తెల్లచీర కట్టి, చేతులకి జపమాల చుట్టాం. పెట్టె మూసేముందు బిళ్ళ ఆమె చేతిలో పెట్టాలని, నడుము సంచి విప్పి నేను నా కొంగున ముడేసుకున్నాను.

ఆనాటి పక్కింటి పిల్ల ఇప్పుడు పక్కింటామె అయింది, అంతకు నెల ముందే దానికి మనవరాలు పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. పక్కింటామె అమ్మ కోసం ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో నా దగ్గరికి వచ్చి పక్కన చతికిలపడింది. కాసేపటికి గొంతు తగ్గించి, "అత్తా, ఇప్పుడు అడగకూడదు, తెల్సు. పిల్లకి ఉబ్బొచ్చినాది. నర్సమ్మ ఏటీ కట్టొద్దంది. కట్టనులే. ఒక్కసారి ఒంటికి తగిలించి ఇచ్చేస్తాను. మామ్మ బిళ్ళ నువ్వు దాసుంచుతావు కదా?" అంది.

నేను దాని మొహం చూశాను. ఆ రోజు గుమ్మం పట్టుకుని నిలబడిన దాని అమ్మమ్మ మొహమే. అమ్మ ఆ రోజు ఏం చూసి మోకాళ్ళ మీద కూర్చుందో నాకు అప్పుడు తెలిసింది. ఊపిరి ఉన్న బిడ్డ ఒక పక్క, లేని బిడ్డ ఒక పక్క. కొంగు ముడి మీదికి నా చేయి దానంతటదే వెళ్ళింది. ఇచ్చేద్దామనే అనుకున్నాను.

కానీ లోపల అమ్మ ఉంది, ఉత్త చేతులతో.

"నీకో మాట చెప్పాలి" అన్నాను. చెప్పాను. ఎవరినీ తప్పు పట్టకుండా, జరిగింది జరిగినట్టు. వానా, డోలీ, గుడ్డ ముడీ. అది నోరు తెరిచి విన్నది. దాని జన్మలో అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదలేమో. చేయి దానికి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్ళింది.

"నా మీద కట్టింది... దాని మీంచా?" అంది.

"అవును. నువ్వు బతికావు. నాకు అది సంతోషమే. దేవుడి మీద ఆన" అన్నాను. అది నిజం. నా బిడ్డ ఉత్త ఒంటితో వెళ్ళిందన్న బాధా నిజం. ఒకదాన్ని ఒకటి చెరపలేదు.

అది లేచి లోపలికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఫాదరు అడుగుతాడేమో అని నాకు భయం. చేతిలో జపమాల ఉండగా రాగి బిళ్ళ ఎందుకని. నేను ముడి విప్పి బిళ్ళ తీశాను. పక్కింటామె దాన్ని నా చేతిలోంచి తీసుకుని, తన చీర చెంగుతో తుడిచి, అమ్మ అరచేతిలో పెట్టింది. తిరగేసి పెట్టింది మొదట. "అలా కాదే, తల్లి ఒంటికి" అన్నాను. సరిచేసింది. వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది. "మామ్మా, బేగి ఎల్లి ఇచ్చేయ్. సానా ఆలిస్సమైపోనాది" అని భోరుమంది. ఫాదరు గుమ్మంలో నిలబడి చూశాడు. ఏమీ అడగలేదు. ఆయనకీ నా వందనాలు.

పెట్టె మూశారు. బిళ్ళ వెళ్ళిపోయింది.

ఇప్పుడు పక్కింటి మనవరాలు బోర్లా పడుతోంది, పాకడానికి చూస్తోంది. దాని బొడ్డు ఏ బిళ్ళా లేకుండానే మెల్లగా లోపలికి పోయింది. అలా చాలామందికి దానంతటదే పోతుందని నర్సమ్మ ముందే చెప్పింది. పక్కింటామె పిల్ల గౌను ఎత్తి నాకు చూపించి, నా మొహం చూసి, గబుక్కున గౌను దించేసింది. మేమిద్దరం ఒకే సంగతి తలచుకున్నాం. ఆనాడు కూడా బిళ్ళ లేకపోయినా దాని ఉబ్బు పోయేదేమో. నా బిడ్డ నడుముకి కట్టిన గుడ్డ విప్పనక్కరలేకపోయేదేమో.

ఆ మాట మేము ఎవరం పైకి అనలేదు. అమ్మ ఆ సంగతి తెలియకుండానే వెళ్ళింది. అందుకు కూడా దేవుడికి వందనాలు చెప్పుకుంటున్నాను. అమ్మ గుడ్డ సంచి ఇంకా నా దగ్గర ఉంది. లోపలి వైపు ఒక గుండ్రటి పచ్చటి మరక ఉంది. దాన్ని నేను ఉతకలేదు.